ముంచుకుని ఎగిరే విమానాలు: కార్చిచ్చులపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ కొండల మీద మంటలు లేచినప్పుడు పసుపు, ఎరుపు రంగుల విమానాలు పసిఫిక్ సముద్రాన్ని ముద్దాడినట్టే తాకి, పైకి లేచి నీళ్లు కుమ్మరించిన వీడియోలు మన ఫోన్లన్నిటిలో తిరిగాయి. అంతకు రెండు నెలల ముందే, 2024 నవంబర్ 9న, విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగిరింది. ఈ రెండూ కలిపి అడిగిన ఉత్తరాలే ఈసారి ఎక్కువ. ఎక్కువగా అడిగిన విమానం కెనడా తయారీ సీఎల్-415 కాబట్టి జవాబుల్లో కొలతలన్నీ, వేరే చెప్పకపోతే, దానివే.

ఆగకుండానే 12 సెకన్లలో ఆరు వేల లీటర్లు తోడుకుంటుందట. అంత పెద్ద పంపు విమానంలో ఎక్కడ పెట్టారు? (గుంటూరు)

పంపే లేదు. విమానం పొట్ట కింద, పడవ అడుగులా ఉండే భాగంలో రెండు చిన్న గొట్టపు మూతులుంటాయి. ప్రోబ్‌లంటారు. నీటిని తాకాక పైలట్ వాటిని కిందికి దించుతాడు. అవి విమానం పరుగెత్తే దిక్కుకే నోరు తెరుచుకుని ఉంటాయి కాబట్టి, ఆ వేగమే నీటిని లోపలికి తోసేస్తుంది.

లెక్క వేసి చూడండి. ఒక్కో మూతి సుమారు 11 సెంటీమీటర్ల వెడల్పు, ఆరు సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తు. రెండూ కలిపితే దాదాపు 140 చదరపు సెంటీమీటర్లు. తోడుకునేటప్పుడు వేగం గంటకు 130 కిలోమీటర్లు, అంటే సెకనుకు 36 మీటర్లు. ఈ రెండూ గుణిస్తే సెకనుకు 500 లీటర్లు దాటుతుంది. 12 సెకన్లకు ఆరు వేల పైమాటే. ట్యాంకుల సామర్థ్యం 6,137 లీటర్లు. లెక్క ఇంత చక్కగా సరిపోవడం తయారీదారు ప్రచారం వల్ల కాదు, భౌతికశాస్త్రం వల్ల.

నీరు ట్యాంకు దాకా పైకెక్కుతుందా అనే అనుమానం అక్కర్లేదు. సెకనుకు 36 మీటర్ల వేగంతో వచ్చే నీటికి ఉండే ఒత్తిడి, 66 మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకు నుంచి దిగే నీటి ఒత్తిడితో సమానం. ఇక్కడ ఎక్కాల్సింది మాత్రం రెండు మూడు మీటర్లే.

అయితే ఇదేదీ ఉచితం కాదు. నిలకడగా ఉన్న నీటిని సెకనుకు అర టన్ను చొప్పున విమానం తన వేగానికి లాక్కుపోవాలి. అందుకోసమే దాదాపు 1,900 కిలోల బలం వెనక్కి లాగుతుంది. పొట్ట నీటి మీద రాసుకునే లాగుడు దీనికి అదనం. అందుకే ప్రోబ్‌లు దించగానే థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచే మీట) పెంచాలి. పెంచకపోతే వేగం పడిపోతుంది, వేగం పడితే నీరు ఎక్కే జోరూ పడిపోతుంది, విమానం నీటిలోకి కూరుకుంటుంది.

నీళ్లతో పాటు చేపలు, ఈతగాళ్లు కూడా వెళ్లిపోతారా? కాలిన అడవిలో చెట్టు మీద స్కూబా డైవర్ శవం దొరికిందని చదివాను. (ఖమ్మం)

పైన చెప్పిన 11 × 6 సెంటీమీటర్ల కంతలో మనిషి పట్టడు. ఆ డైవర్ కథ దశాబ్దాలుగా ఊళ్లు మారుతూ తిరుగుతున్న కట్టుకథ. చిన్న చేపపిల్లలు వెళ్లొచ్చు.

నేను ఏరోనాటికల్ విద్యార్థిని. ఒక తోడుకోలును మొదటి నుంచి చివరి దాకా, అడుగడుగునా చెబుతారా? ఏవి తప్పుతాయి? (ఏలూరు)

ముందు పై నుంచి ఒక చుట్టు కొట్టి నీటిని చదువుతారు. పడవలున్నాయా, తేలే దుంగలున్నాయా, వలల బెండ్లు కనిపిస్తున్నాయా, ఒడ్డు నుంచి ఒడ్డుకు కరెంటు తీగలున్నాయా, గాలి ఎటు వీస్తోంది, ఇంజిన్ ఒకటి ఆగిపోతే ఏ వైపు తిరిగి బయటపడాలి. ఈ చివరి ప్రశ్నకు జవాబు దొరకని చెరువులోకి దిగరు.

రెండోది చక్రాలు. ఈ విమానం రన్‌వే మీదా దిగుతుంది, నీటి మీదా దిగుతుంది కాబట్టి, నేల మీద కాపాడే అలవాటే నీటి మీద చంపుతుంది. చక్రాలు దించి నీటిని తాకితే అవి నీటిని పట్టేస్తాయి, ముక్కు మునుగుతుంది, విమానం పల్టీ కొడుతుంది. చక్రాలు దించకుండా రన్‌వే మీద దిగితే పొట్ట గీరుకుంటుంది, మనుషులు సాధారణంగా నడిచి బయటికొస్తారు. అందుకే ప్రతి తోడుకోలుకూ, అది ఆ రోజు నలభయ్యోదైనా, ఇద్దరు పైలట్లూ "నీటి మీదికి, చక్రాలు పైకి" అని బయటికి చెప్పుకుని, చూసి, మళ్లీ ఖాయం చేసుకుంటారు.

తర్వాత ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వాలే పలకలు) వేసి నెమ్మదిగా దిగుతారు. హల్, అంటే పడవలాంటి విమానం పొట్ట, అడుగున మధ్యలో మెట్టులా ఒక విరుపు ఉంటుంది. దాన్ని స్టెప్ అంటారు. విమానం ఆ మెట్టు మీద నీటిపై జారుతూనే ఉండాలి, పడవలా నీటిలో కూర్చోకూడదు. ప్రోబ్‌లు దిగుతాయి, థ్రాటిల్ ముందుకు వెళుతుంది, కో-పైలట్ లీటర్లు చదువుతుంటాడు. నిండగానే ప్రోబ్‌లు లోపలికి. నిండాక ఇంకా వస్తే పక్కనున్న పొర్లు గొట్టాల గుండా బయటికి చిమ్ముతుంది. లాగుడు తగ్గగానే వేగం పెరిగి విమానం లేస్తుంది. 15 మీటర్ల ఎత్తు నుంచి దిగి మళ్లీ 15 మీటర్ల ఎత్తుకు చేరడానికి మొత్తం 1,340 మీటర్లు కావాలి. అందులో నీరు తోడుకునేది 410 మీటర్లే. వెడల్పు 90 మీటర్లు, లోతు రెండు మీటర్లు చాలు. నీరు తక్కువైతే సగం ట్యాంకుతోనే లేస్తారు.

ఇక్కడ ఒక విశేషం చాలామంది గమనించరు. నీటి మీద ఆగి ఉన్న స్థితి నుంచి లేవాలంటే ఈ విమానం బరువు 17,168 కిలోలు మించకూడదు. కానీ తోడుకుంటూ లేచేటప్పుడు 21 టన్నుల దాకా అనుమతి ఉంది. నాలుగు టన్నుల తేడా ఎక్కడిది? ఆగిన విమానానికి మొదట నీటిలోంచి పైకెక్కి స్టెప్ మీదికి రావడమే కష్టం. ఇంజిన్ శక్తిలో ఎక్కువ భాగం అక్కడే ఖర్చవుతుంది. తోడుకునే విమానం ఆ గండాన్ని దాటి ఉంటుంది కాబట్టే ఆ బరువు మోయగలదు. మధ్యలో వేగం పోగొట్టుకుని నీటిలో కూర్చుంటే మాత్రం నిండు ట్యాంకుతో మళ్లీ లేవలేదు, నీళ్లు వదిలేయాల్సిందే.

తప్పేవాటిలో మొదటిది, చాలామంది ఊహించనిది, అద్దంలా నిశ్చలంగా ఉన్న నీరు. అల లేకపోతే ఎత్తు కంటికి అందదు. నీరు పది మీటర్ల కింద ఉందనుకుంటుండగానే పొట్ట తగులుతుంది. అలాంటప్పుడు ఒడ్డు పక్కగా దిగుతారు, చెట్లే కొలబద్ద. దిగే వేగాన్ని బాగా తగ్గించి, తగిలేదాకా అలాగే పట్టుకుంటారు. రెండోది డాల్ఫిన్‌లా ముక్కు పైకీ కిందికీ ఊగడం. ముక్కు కోణం సరిగా పట్టకపోతే మొదలవుతుంది, ప్రతి ఊపుకీ పెరుగుతుంది. రెండు మూడు ఊపుల్లో సర్దుకోకపోతే పవర్ ఇచ్చి లేచిపోవడమే మంచిది. మూడోది ఒక ప్రోబ్ లోపలికి రాకపోవడం. అప్పుడు లాగుడు తగ్గదు, ముందున్న నీరు అయిపోతుంటుంది. దానికీ, ఇంజిన్ ఆగిపోయినా మందు ఒక్కటే: ట్యాంకుల కింది తలుపులు తెరిచి నీళ్లు వదిలేయడం. ఒక్క క్షణంలో ఆరు టన్నులు తగ్గించుకునే సౌకర్యం మామూలు ప్రయాణికుల విమానానికి లేదు.

సముద్రపు నీళ్లు పోస్తే నేల చవుడు బారదా? విమానం తుప్పు పట్టదా? ఇక్కడ డ్రోన్ తగిలి ఒక విమానం ఆగిపోయిందన్నారు, అంత చిన్న వస్తువుతో నిజంగా ప్రమాదమా? (కాలిఫోర్నియా నుంచి ఒక తెలుగు పాఠకురాలు)

సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు. 6,137 లీటర్లంటే 215 కిలోలు. ఒక పోత వంద మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పున పడిందనుకుంటే చదరపు మీటరుకు 100 గ్రాములు పైన. ఒక్కసారికైతే వాన కడిగేస్తుంది. ఒకే చోట పది పోతలు పడితే అది కిలో అవుతుంది, మొలకెత్తే విత్తనాలకు అది గట్టి దెబ్బే. అందుకే మంచినీటి జలాశయం అంతే దగ్గర్లో ఉంటే దాన్నే వాడతారు. ఇళ్ల మీదికి మంట వస్తుంటే ఈ లెక్క ఎవరూ వేయరు, వేయకూడదు కూడా.

తుప్పు మాటకొస్తే, ఈ విమానాలను ఉప్పునీటి కోసమే ప్రత్యేక పూతలతో కడతారు. అయినా పని అయిన ప్రతిరోజూ మంచినీటితో పైనుంచి కిందిదాకా కడగాలి, ఇంజిన్లలోకి కూడా నీరు పంపి కంప్రెసర్ కడగాలి. చక్రాల బేరింగులు, బ్రేకులు, కంట్రోలు తీగల కప్పీలు, తలుపుల మడతబందులు తరచూ విప్పి గ్రీజు మార్చాలి. హల్ గదుల్లోకి కారిన నీటిని అడుగు ప్లగ్గులు తీసి వదిలేయాలి, తెల్లారి ఎగిరే ముందు ఆ ప్లగ్గులు తిరిగి బిగించారో లేదో చూసుకోవాలి. చివరిది నవ్వులాటగా అనిపిస్తుంది కానీ, ప్లగ్గు లేని పడవ ఎంత దూరం వెళుతుందో చెప్పక్కర్లేదు.

డ్రోన్ సంగతి: 2025 జనవరి 9న లాస్ ఏంజెలెస్ పాలిసేడ్స్ మంటల మీద పనిచేస్తున్న క్యూబెక్ ప్రభుత్వ సీఎల్-415 రెక్కను ఒక చిన్న డ్రోన్ గుద్దింది. రెక్క ముందు అంచుకు కంత పడింది. విమానం క్షేమంగా దిగింది, కానీ మరమ్మతు అయ్యేదాకా కొన్ని రోజులు నేల మీదే ఉంది. నష్టం ఆ కంత ఒక్కటే కాదు. డ్రోన్ కనిపించిందంటే చాలు, ఆ ప్రాంతంలో తక్కువ ఎత్తున ఎగిరే విమానాలు, హెలికాప్టర్లు అన్నిటినీ పక్కకు తప్పిస్తారు. మీ ఊళ్లో మంట వీడియో తీయాలనిపిస్తే ఫోన్‌తో నేల మీద నిలబడే తీయండి.

ఆరు వేల లీటర్లేమిటండీ, పెద్ద విమానం కొంటే ఒక్కసారికే పోయవచ్చు కదా? (హైదరాబాద్)

పెద్దవీ ఉన్నాయి. రష్యా బీఈ-200 జెట్ 12 టన్నులు మోస్తుంది. కెనడాలో స్ప్రోట్ సరస్సు నుంచి పనిచేసిన మార్టిన్ మార్స్ 27 వేల లీటర్లు పోసేది. కానీ దానికి చక్రాల్లేవు, నీటి మీదే బతుకు. అంత పెద్ద సరస్సు దగ్గర్లో లేకపోతే పనికిరాదు. ఆ రకంలో హవాయీ మార్స్ అనే విమానం 2024 ఆగస్టులో చివరిసారి ఎగిరి మ్యూజియం చేరింది. నేల మీద నింపుకునే డీసీ-10 ట్యాంకరు 35 వేల లీటర్లకు పైగా మోస్తుంది.

ఈ అంకెలు చూసి మోసపోవద్దు. చూడాల్సింది గంటకు ఎన్ని లీటర్లు మంట మీద పడ్డాయన్నది. నీరు 11 కిలోమీటర్ల దూరంలో ఉంటే సీఎల్-415 గంటకు తొమ్మిది సార్లు తిరుగుతుంది. 55 వేల లీటర్లు. అదే నీరు 40 కిలోమీటర్ల దూరమైతే పోకరాకలకే పావుగంట దాటి, గంటకు మూడు పోతలే మిగులుతాయి, 18 వేల లీటర్లు. విమానం అదే, పైలట్లు వాళ్లే, మూడో వంతు పని. కాబట్టి ఏ విమానం కొనాలనే చర్చ కంటే ముందు, మంటలు లేచే చోటికి పది పదిహేను కిలోమీటర్లలో నీరుందా అని మ్యాపు తీసి చూడాలి. గ్రీస్, ఇటలీ, క్రొయేషియా, దక్షిణ ఫ్రాన్స్‌లలో కొండకూ సముద్రానికీ మధ్య దూరం తక్కువ. అందుకే ఈ విమానాలు అక్కడ అంతగా పాతుకుపోయాయి.

డీసీ-10 లాంటివి చేసే పని వేరు. అవి మంట మీద పోయవు. మంటకు ముందు, ఇంకా అంటుకోని పొదల మీద ఎర్రటి ఫాస్ఫేటు ద్రావణంతో గీత గీస్తాయి. నీరు ఆవిరైపోయినా ఆ గీత గంటలపాటు పనిచేస్తుంది. తోడుకునే విమానాలు నేరుగా మంట మీద పోస్తాయి, కావాలంటే నీటిలో ఒక శాతం లోపు నురగ మందు కలుపుతాయి. నురగ నీటిని ఆకులకు అంటిపెట్టుకునేలా చేస్తుంది. రెండూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కాదు.

చిన్న విమానాన్నీ తీసిపారేయొద్దు. ఒకే ఇంజిన్, ఒకే పైలట్‌తో ఎగిరే ఫైర్‌బాస్ మూడు వేల లీటర్లే తెస్తుంది. కానీ చిన్న జలాశయాల్లో దిగుతుంది, ఖర్చు తక్కువ. ఒకదాని వెనక ఒకటి నాలుగు తిప్పితే మంటకు ఊపిరాడదు.

నల్లమలలో ప్రతి ఎండాకాలం అడవి కాలుతోంది. శ్రీశైలానికి వచ్చిన ఆ సీప్లేన్‌తోనే ఆర్పవచ్చు కదా? పక్కనే కృష్ణమ్మ ఉంది. (ఆత్మకూరు)

ఆ రోజు వచ్చింది డీహెచ్‌సీ-6 ట్విన్ ఆటర్. దాన్ని తెచ్చిన డీ హావిలాండ్ కెనడాయే ఇప్పుడు సీఎల్-415కు వారసుడిగా డీహెచ్‌సీ-515ను కడుతోంది, కాబట్టి మీ ఊహకు చుట్టరికం ఉంది. కానీ ఆ ట్విన్ ఆటర్ ప్రయాణికులది. నీటి మీద దిగగలగడం వేరు, నీటిని మోసుకెళ్లి పోయగలగడం వేరు. దానికి ప్రోబ్‌లు, ట్యాంకులు, కింద తలుపులు ఏవీ లేవు. బరువు కూడా చూడండి: ట్విన్ ఆటర్ మొత్తం టేకాఫ్ బరువు 5,670 కిలోలు. సీఎల్-415 మోసే నీళ్లే అంతకంటే ఎక్కువ.

సరే, అసలైన నీటి విమానమే తెచ్చామనుకుందాం. శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లో 1,340 మీటర్ల సరళరేఖ దొరకడం కష్టం కాదు. చిక్కంతా మంటల కాలంలోనే ఉంది. ఫిబ్రవరి నుంచి మే దాకా నీటిమట్టం పడిపోతుంది. ముంపులో పోయిన చెట్ల మొదళ్లు, బండలు నీటి పైమట్టానికి కాస్త కిందికే వస్తాయి. గంటకు 130 కిలోమీటర్ల వేగంలో వాటిలో ఒక్కటి తగిలినా హల్ చీరుకుపోతుంది. పైన వలలు, పుట్టిలు. ఆనకట్టల దగ్గర హైటెన్షన్ తీగలు. రెండు వైపులా కొండలున్న లోయలో నిండు ట్యాంకుతో తిరగడానికి చోటు చూసుకోవాలి. ఇవన్నీ దాటలేనివి కావు. మట్టం ఎంతుంటే ఏ భాగంలో దిగొచ్చో ముందే సర్వే చేసి, ఆ మేరకు పడవలను ఆపాలి.

అసలు అభ్యంతరం వేరే ఉంది. నల్లమలలో కాలేది ఎక్కువగా చెట్టు కాదు, నేల మీది ఎండుటాకు. మోకాలి ఎత్తు మంట, మెల్లగా పాకుతుంది, ఒకే రోజు చాలాచోట్ల చిన్న చిన్న ముక్కలుగా లేస్తుంది. ఇద్దరు ముగ్గురు ఫైర్ వాచర్లు ఆకులు ఊదే బ్లోయర్‌తో రెండు మూడు మీటర్ల బాట శుభ్రం చేస్తే అక్కడితో ఆగుతుంది. ఇలాంటి మంట మీద ఆరు టన్నుల నీరు పోస్తే పడ్డచోట ఆరుతుంది, అంచు మిగిలితే మళ్లీ పాకుతుంది. మధ్యధరా ప్రాంతంలోనూ కాలిఫోర్నియాలోనూ పైన్ చెట్ల తలలు, నూనె పొదలు గాలికి అంటుకుని పరుగెత్తుతాయి. మనిషి దగ్గరికి వెళ్లలేని ఆ మంటల కోసం పుట్టిన యంత్రం ఇది. మా అభిప్రాయం అడిగితే, నల్లమలకు ముందు కావాల్సినవి జనవరి లోపు శుభ్రం చేసిన ఫైర్ లైన్లు (మంటను ఆపే ఖాళీ బాటలు), బ్లోయర్లు, వేసవి అంతా జీతం అందే వాచర్లు. ఉపగ్రహ హెచ్చరికలు ఇప్పటికే వస్తున్నాయి. వియర్స్ సెన్సార్ 375 మీటర్ల చుక్కతో మంటను చూపిస్తుంది, ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని ఎస్సెమ్మెస్‌గా పంపుతుంది. ఆ చుక్క దగ్గరికి మనిషి ఎంతసేపట్లో చేరుతున్నాడన్నదే మిగిలిన ప్రశ్న.

ఆకాశం నుంచి నీరు తప్పనిసరైన చోట మన దేశంలో హెలికాప్టరుకు వేలాడే బాంబీ బకెట్ వాడుతున్నారు. 2024 ఏప్రిల్‌లో నైనీతాల్ మంటలకు వాయుసేన ఎంఐ-17 భీమ్‌తాల్ సరస్సు నుంచి అలాగే ముంచింది. దానికి కిలోమీటరు పొడవు నీరు అక్కర్లేదు, మామూలు ఊరి చెరువు చాలు. ధర కూడా చూడండి: 2024లో యూరోపియన్ యూనియన్ ఆరు దేశాల కోసం ఆర్డరిచ్చిన 12 డీహెచ్‌సీ-515లకు సుమారు 60 కోట్ల యూరోలు. ఒక్కోటి ఐదు కోట్ల యూరోలన్నమాట.

రాత్రిపూట ఎందుకు ఎగరవు? మంట బాగా కనిపిస్తుంది కదా. (కర్నూలు)

మంట కనిపిస్తుంది, నీటి మీది దుంగ కనిపించదు, కొండ అంచు కనిపించదు.

ఇంత అనుభవమున్న పైలట్లు కూడా ఎందుకు కూలిపోతున్నారు? పోసేటప్పుడు కింద మనుషులుంటే ఏమవుతుంది? (విశాఖపట్నం)

పోసే ఎత్తు చెట్ల కొసల పైన 30 నుంచి 40 మీటర్లు, వేగం గంటకు 200 కిలోమీటర్ల దరిదాపు. ఎత్తు ఎక్కువైతే నీరు తుంపరై గాలికి కొట్టుకుపోతుంది, కొంత ఆవిరవుతుంది. తక్కువైతే నీరు విడిపోకుండా ముద్దలా పడి కొమ్మలు విరుస్తుంది, నిప్పుకణికలను అవతలికి చిమ్ముతుంది. అంటే వేడి గాలి, పొగ, కొండవాలు, సుడులు ఉన్న చోట పది అంతస్తుల భవనమంత ఎత్తున ఎగరక తప్పదు. తలుపులు తెరవగానే ఆరు టన్నులు పోయి విమానం పైకి ఎగదన్నుతుంది, ముక్కును ముందే కిందికి అదిమి పట్టాలి.

పోసే సమయమూ, పోసిన తర్వాతి కొన్ని సెకన్లూ ప్రమాదకరమైనవి. 2021 ఆగస్టు 14న తుర్కియేలో బీఈ-200 నీళ్లు వదిలాక కొండను ఢీకొంది, ఎనిమిది మంది పోయారు. 2022 అక్టోబరు 27న ఎట్నా అగ్నిపర్వతం వాలు మీద ఇటలీ సీఎల్-415, 2023 జులై 25న గ్రీస్ ఎవియా ద్వీపంలో దాని పాత తరం సీఎల్-215 కూలాయి. రెండింటిలోనూ ఇద్దరేసి పైలట్లు చనిపోయారు. ఎవియాలో రెక్క చెట్టుకు తగలడం వీడియోలోనే కనిపిస్తుంది. అందుకే నియమం: వీలైనంత వరకు పైనుంచి కిందికి, వాలు వెంట దిగుతూ పోయాలి, బయటికి పోయే దారి పోయకముందే ఎంచుకోవాలి. కొండ ఎక్కుతూ పోస్తే, వేడి గాలిలో ఇంజిన్ శక్తి తగ్గి, కొండ విమానం కంటే త్వరగా లేస్తుంది.

కింద సిబ్బంది ఉంటే ముందుగా రేడియోలో చెప్పి పక్కకు పంపుతారు. పక్కకు పోయే వ్యవధి లేకపోతే ఇలా చేయాలి: ఎండు కొమ్మలున్న చెట్ల కింది నుంచి బయటికి రావాలి. విమానం వచ్చే దిక్కుకు తల పెట్టి బోర్లా పడుకోవాలి. హెల్మెట్ గడ్డం పట్టీ బిగించాలి. గొడ్డలి, పార లాంటివి చేతికందే పక్కన, వాలులో కింది వైపు పెట్టాలి, ఒంటి కింద కాదు. కదలని బండనో మొద్దునో పట్టుకోవాలి. నీరు పడ్డాక వెంటనే లేవొద్దు, విరిగిన కొమ్మలు కాసేపటి వరకు రాలుతూనే ఉంటాయి. ఆ తర్వాత పార పట్టుకుని తడిసిన అంచు దగ్గరికి పరుగెత్తాలి. ఎండకు ఆ తడి ఆరిపోయేలోగా మిగిలిన నిప్పును తవ్వి ఆర్పకపోతే, పోసిన ఆరు వేల లీటర్లూ వృథానే.